ఇరవై రెండో యాత్రికురాలు

సరిహద్దు ఠాణాలో బార్బరు ఆ బెల్జియం కుర్రాడి గడ్డం సగం గీసేలోపే సెమిహా మూడుసార్లు తలలు లెక్కపెట్టింది. మూడుసార్లూ ఇరవై రెండే వచ్చాయి. అయినా నాలుగోసారి మొదలుపెట్టింది. విదేశీ యాత్రికులు దిగిన ప్రతిసారీ ఆమెకు ఇదే తంతు. ఒక తల తగ్గినా పెరిగినా జవాబు చెప్పుకోవలసింది తనే.

"గడ్డాలకూ పొడుగు జుట్టుకూ అల్బేనియాలోకి ప్రవేశం లేదు. మీకు మాత్రం ఎప్పుడూ స్వాగతమే," అని ఫ్రెంచిలో నవ్వుతూ చెప్పింది. అలవాటైన పాఠం. కుర్చీలో ఉన్న కుర్రాడి ఏడుపు మొహాన్ని తోటివాళ్లు ఫొటో తీయబోతే పాండెలి చెయ్యి అడ్డం పెట్టాడు.

పాండెలి పేరుకు సహాయ గైడు. తనకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదంటాడు. ఆ మాట సెమిహా ఎన్నడూ నమ్మలేదు. యాత్ర ముగిశాక అతను రాసే నివేదిక ఎక్కడికి వెళుతుందో అందరికీ తెలుసు, నోరు విప్పి ఎవరూ అనరు.

సెమిహాకు ఇరవై తొమ్మిదేళ్లు. చలికాలమంతా టిరానాలో హైస్కూలు పిల్లలకు ఫ్రెంచి చెబుతుంది. వేసవి వస్తే ఈ పనికి పిలుస్తారు. హోటలు భోజనం, సముద్రపు గాలి, దేశం ఈ చివర నుంచి ఆ చివరకు బస్సులో తిరగడం. తోటి పంతులమ్మలు కుళ్లుకునే పని. అది దక్కాలంటే చదువొక్కటే చాలదు, వంశ వివరాల కాగితం కడిగిన పళ్లెంలా ఉండాలి. ఎవరెవరు బంధువులు, ఎవరు ఏ పక్షాన పోరాడారు, ఎవరు దేశం దాటిపోయారు, అన్నీ అందులో రాయాలి. ఆమె కాగితంలో దాటిపోయినవాళ్లు లేరు. మేనత్త ఒకతె, పేరు సానియె, వ్లోరాలో మలేరియాతో 1944లో మరణం. అంతే.

బస్సు పక్కన ఒంటరిగా నిలబడ్డ ఒక యాత్రికురాలు ఆమె కంటబడింది. బూడిదరంగు స్కార్ఫు, పొట్టిగా కత్తిరించిన జుట్టు. జాబితాలో ఇరవై రెండో పేరు. మదాం రెన్సన్, వయసు యాభై నాలుగు, ఊరు లియేజ్.

"అలసిపోయారా మదాం? లోపల కాఫీ ఉంది, తాగుతారా?" అని అడిగింది సెమిహా.

ఆవిడ మాట్లాడకుండా తల అడ్డంగా ఊపి, నేరుగా కాఫీ గదిలోకి నడిచింది.

సెమిహా ఆమె వెనకాలే రెండడుగులు వేసి ఆగిపోయింది. తల అడ్డంగా ఊపితే అవునని మన అల్బేనియా పద్ధతి. బయటివాళ్లకు అది కాదని. ఈ తల ఊపుడు దగ్గర ప్రతి యాత్రలోనూ గొడవే. వద్దన్నవాడికి సూపు పోస్తారు, కావాలన్నవాడి ముందునుంచి గిన్నె తీసుకుపోతారు. ఈవిడ మాత్రం మనలా ఊపింది, మనలా వెళ్లి తాగింది.

పాండెలి చూశాడా? అతను బార్బరుతో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. చూడలేదనే అనుకుంది. అనుకున్నాక కూడా రెండుసార్లు అటు తిరిగి చూసింది.

మర్నాడు లెజా దాటాక గొర్రెల మంద రోడ్డుకు అడ్డం పడింది. డ్రైవరు లాజి హారన్ మోగించాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు, చేతికింద హారన్ ఆగదు. మంద వెనక నుంచి ఒక ముసలమ్మ కర్ర ఊపుకుంటూ వచ్చింది.

"నీ చక్రాలూడిపోనూ! పెళ్లికెళ్తున్నావేంట్రా ఎద్దు మొహమా, ఆ మోతేంటి? నా గొర్రెకు పాలెండిపోతే నీ బస్సు పాలిస్తదా?"

"పాలివ్వదమ్మా, పొగ ఇస్తది. చెంబు పట్టుకురా!" అన్నాడు లాజి కిటికీలోంచి.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సెమిహా ఇంకా అనువాదం చెయ్యలేదు. ఇరవై ఒక్క మొహాలు ఆమె వైపే తిరిగి, ఏమంది ఏమందని చూస్తున్నాయి. ఇరవై రెండో మొహం అప్పటికే స్కార్ఫు వెనక దాక్కుంది. సెమిహా గబగబా ఫ్రెంచిలో చెప్పింది. బస్సంతా నవ్వింది. మదాం రెన్సన్ అందరితో పాటు రెండోసారి నవ్వింది, కాస్త గట్టిగానే.

ఆ రోజు మధ్యాహ్నం సెమిహా జాబితా తీసి ఇరవై రెండో పేరు మళ్లీ చదివింది.

దుర్రెస్‌లో సముద్రపొడ్డునే హోటలు. పొద్దున్నే ఈతకు దిగిన వాళ్లను లెక్కపెట్టడానికి సెమిహా ఇసుకలో అటూ ఇటూ తిరుగుతోంది. పాండెలి దూరంగా పడక కుర్చీలో పత్రిక తెరిచి పెట్టుకున్నాడు. మదాం రెన్సన్ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ల అంచున నడుస్తూ వచ్చి, ఆమె పక్కకు రాగానే నడక నెమ్మది చేసింది. సముద్రం వైపే చూస్తూ అంది.

"నువ్వెవరి పిల్లవే?"

మన అల్బేనియన్ భాషలో. అందులోనూ నాన్న ఊరు జిరోకాస్తర్ యాసలో. ఆ ఊరి మెట్ల వీధుల్లో ముసలివాళ్లు దారినపోయే ప్రతి పిల్లనూ ఆపి అడిగే ప్రశ్న, అదే సాగదీతతో.

సెమిహా చూపు పడక కుర్చీ వైపు పరుగెత్తింది. నాలుక మాత్రం అలవాటు తప్పలేదు.

"క్షమించండి మదాం, మీరన్నది అర్థం కాలేదు," అంది ఫ్రెంచిలో. సొంత భాష అర్థం కాలేదనడం బతుకులో అదే మొదలు.

ఆవిడ చెప్పులు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. తర్వాత తనూ ఫ్రెంచిలోకి మారింది.

"భయపెట్టాలని కాదమ్మా. నీ నుదురూ కనుబొమలూ చూస్తే మా అమ్మ గుర్తొచ్చింది, నోరు జారాను. పాస్‌పోర్టులో నేను పుట్టింది ఇటలీలోని బారిలో అని ఉంటుంది. యుద్ధంలో కాగితాలు పోయి కొత్తవి రాయించుకున్నప్పుడు అలా పడింది, నేనూ దిద్దించలేదు. జిరోకాస్తర్‌లో నాకో తమ్ముడున్నాడు. నెవ్రూజ్. ఉన్నాడో లేడో కూడా తెలీదు. చిన్నప్పుడు కప్పా అని పిలిచేదాన్ని, కళ్లు అలా ఉండేవి. ఒక్కసారి దూరం నుంచి చూస్తే చాలు. నువ్వు ఏమీ చెయ్యనక్కర్లేదు. ఆ ఊళ్లో బస్సు ఎంతసేపు ఆగుతుందో చెప్పు చాలు."

"కార్యక్రమం ప్రకారం మూడు గంటలు, మదాం," అంది సెమిహా. "నీళ్లు చల్లగా ఉన్నాయి, జాగ్రత్త."

గిర్రున తిరిగి హోటలు వైపు నడిచింది. మెట్లెక్కింది. మళ్లీ దిగింది. తువ్వాళ్ల గదిలోకి వెళ్లి ఎందుకొచ్చిందో మర్చిపోయి బయటికొచ్చింది.

నెవ్రూజ్ ఆమె తండ్రి. ఆయన్ను కప్ప అని పిలవగా సెమిహా విన్నది ఒక్క నానమ్మ నోటి నుంచే, అదీ జ్వరం వచ్చి మంచం పట్టిన ఆఖరి రోజుల్లో. కాగితంలో చచ్చిపోయిన మేనత్త బూడిదరంగు స్కార్ఫు కట్టుకుని దుర్రెస్ ఇసుకలో నడుస్తోందన్నమాట.

లేకపోతే ఇది పరీక్ష. రహస్య పోలీసులు అలాంటి పరీక్షలు పెడతారని విన్నది. తమ మనిషినే ఎవరినో పంపి, ఈ దుబాసి చెబుతుందా దాస్తుందా అని చూస్తారు. కప్ప సంగతి వాళ్లకెలా తెలుస్తుంది? మరి వాళ్లకు తెలియనిదేముంది? పరీక్షే అయితే ఈ సాయంత్రంలోగా పాండెలికి చెప్పి తీరాలి. చెప్పకపోతే తన ఉద్యోగం, లోహ కర్మాగారంలో భర్త ఉద్యోగం, అయిదేళ్ల మీరా రేపటి చదువు, అన్నీ పోతాయి. పరీక్ష కాకపోతే, నిజంగానే ఈవిడ మేనత్త అయితే, చెప్పిన మరుక్షణం నాన్న పోతాడు. ముప్పై ఏళ్లుగా ప్రభుత్వానికి అబద్ధం రాసిచ్చిన మనిషి అవుతాడు.

ఆ సాయంత్రం చెప్పలేదు. మర్నాడు టిరానా మ్యూజియంలో చెప్పలేదు. ఆ మర్నాడు అపొలోనియా శిథిలాల్లో విరిగిన స్తంభాలు చూపిస్తూ రెండు శతాబ్దాలు తారుమారు చేసింది. గడ్డం పోయిన కుర్రాడు చేతిలో పుస్తకం చూసి తప్పు దిద్దాడు కూడా. రాత్రుళ్లు నిద్ర లేదు. పగలు బస్సులో కూర్చోలేక ముందు సీటు కమ్మీ పట్టుకుని నిలబడే ఉండేది.

"చెల్లెమ్మా, సీటులో ముళ్లేమైనా ఉన్నాయా?" అన్నాడు లాజి. "నిలబడ్డవాళ్లకు టిక్కెట్టు సగమేం కాదు, కూర్చో."

"నువ్వు రోడ్డు చూడు."

"రోడ్డు నన్ను చూస్తోందిలే. పదహారేళ్ల పరిచయం."

ల్యోగరా కనుమ ఎక్కేసరికి బస్సు ఆయాసపడింది. కింద సముద్రం నీలంగా కాలి కిందే ఉన్నట్టుంది, పైన పైన్ చెట్ల మధ్య మబ్బు. ఒక్క గంటలో ఎండ నుంచి చలిలోకి వచ్చి యాత్రికులు కోట్లు తొడుక్కుని గోలగోలగా ఫొటోలు తీసుకున్నారు. కొండవాలు మీద పుట్టగొడుగుల్లా ఉన్న కాంక్రీటు బంకర్ల వైపు కెమెరా తిప్పవద్దని సెమిహా మూడుసార్లు చెప్పింది. పాండెలి టీ గ్లాసు పట్టుకుని రాతిగోడ మీద కూర్చున్నాడు. ఆమె వెళ్లి అతని పక్కన నిలబడింది. ఇప్పుడే చెప్పెయ్యాలి. నోరు తెరిచింది.

"కామ్రేడ్ పాండెలీ."

"ఆఁ."

చూపు చెట్ల వైపు పోయింది. చెట్టు కింద మదాం రెన్సన్ ఒక్కతే నిలబడి, దక్షిణం వైపు కొండల వరస చూస్తోంది. స్కార్ఫు జారిపోయింది. వెనక నుంచి ఆ మెడ, ఆ వంగిన భుజం అచ్చం నాన్నవే. పని బల్ల దగ్గర వంగినప్పుడు ఆయన సరిగ్గా అలాగే ఉంటాడు. ఇంత పోలికను ఏ పోలీసు శాఖా తయారు చెయ్యలేదు.

"ఏంటి కామ్రేడ్? మాట మింగేశావ్," అన్నాడు పాండెలి.

"ఏం లేదు. అందరూ ఉన్నారు, ఇరవై రెండు."

"నేనడగలేదే," అన్నాడతను, టీ ఊదుకుంటూ.

జిరోకాస్తర్ చేరింది యాత్ర ఏడో రోజు పొద్దున. అంతా కొండవాలు, అంతా రాయి. ఇళ్లూ రాయే, కప్పులూ రాయే, వీధులూ రాయే. కార్యక్రమం కాగితంలో కోట, ఆయుధాల మ్యూజియం, ఒక పాత ఇల్లు, ఆఖరున చిన్న అక్షరాల్లో "సమయం ఉంటే హస్తకళల సహకార కార్ఖానా" అని ఉంది. ఆ కార్ఖానాలోనే నెవ్రూజ్ చెక్క చెక్కుతాడు. మామూలుగా సమయం ఉండదు. తండ్రి ఉన్నాడు కదా అని సెమిహా ఇంతకుముందు ఎప్పుడూ యాత్రికులను అటు తిప్పలేదు, ఎవరేమంటారోనని.

ఆ రోజు కోటను పరుగులో చూపించింది. ఫిరంగుల దగ్గర రెండు మాటలు, చెరసాల దగ్గర ఒక మాట.

"మదమాజెల్, ఈ గోడ ఏ కాలందో చెప్పలేదు," అన్నాడొక లావుపాటి పెద్దాయన రొప్పుతూ.

"పాతది మస్యూ, చాలా పాతది. మెట్లు జారుతాయి, జాగ్రత్తగా దిగండి."

పాత ఇంటిని అసలు వదిలేసింది. కార్ఖానా గుమ్మం దాటేసరికి కార్యక్రమం కంటే ఇరవై అయిదు నిమిషాలు ముందున్నారు. వెనక కూనిరాగం తీస్తూ పాండెలి వస్తున్నాడు. ఏమీ అనలేదు.

లోపల చెక్కపొట్టు వాసన. ఆరుగురు పనివాళ్లు. కిటికీ పక్కన నెవ్రూజ్ ఒక పెట్టె మూత మీద తీగ చెక్కుతున్నాడు. కూతురిని చూసి చూడనట్టు తల పంకించి మళ్లీ ఉలి మీదికి వంగాడు. పదిమందిలో ఆమెను పేరు పెట్టి పిలవడు, ఎప్పుడూ అంతే.

యాత్రికులు గరిటెలూ గద్ద బొమ్మలూ చూస్తూ చెదిరిపోయారు. మదాం రెన్సన్ తిన్నగా వచ్చి ఆ బల్ల ముందు నిలబడింది. మొహంలో నెత్తురు లేదు. చేతులు స్కార్ఫు కొసలను మెలిపెడుతున్నాయి. ఈవిడిక్కడ ఏడిస్తే అయిపోయింది, అనుకుంది సెమిహా. పాండెలి వచ్చి సరిగ్గా ఆడవాళ్లిద్దరి మధ్య నిలబడ్డాడు.

"ఇదేం కలప అని అడుగు," అంది ఆవిడ ఫ్రెంచిలో.

సెమిహా అడిగింది.

"అక్రోటు. పెర్మెట్ వైపు నుంచి వస్తుంది," అన్నాడు నెవ్రూజ్ తలెత్తకుండా.

సెమిహా చెప్పింది. ఆవిడ గొంతు సవరించుకుంది.

"మా ఇంట్లో ఇలాంటి పెట్టె ఉండేదని చెప్పు. అమ్మ పెళ్లి పెట్టె. మా తమ్ముడు ఏడేళ్లప్పుడు కొత్త చాకు పదును చూద్దామని దాని మూల మీద కప్ప బొమ్మ చెక్కాడు. పెట్టె పాడయింది."

సెమిహా ఒక్కో మాటా మన భాషలో పెట్టింది. కప్ప అన్న మాట దగ్గర గొంతు వణికింది. ఉలి ఆగింది. నెవ్రూజ్ తలెత్తి ఆ విదేశీయురాలిని చూశాడు. చాలాసేపు చూసినట్టు సెమిహాకు అనిపించింది. నిజానికి పనివాడు కొనేవాళ్లను చూసినంతసేపే. మళ్లీ తల వంచి, మూత మీద లేని పొట్టును ఊదాడు.

"ఆ పిల్లాడికి దెబ్బలు పడ్డాయా, అడుగు."

"పడలేదట. అక్క నేరం తన మీద వేసుకుందట," చెప్పింది సెమిహా ఆవిడ జవాబు విని.

"అలాగా." ఉలి చేతులు మారింది. "మంచి అక్క. ఎక్కడున్నా బాగుండాలని చెప్పు."

పాండెలి నవ్వాడు. "బెల్జియంలోనూ కప్పలేనా! ఇంకేమంటుంది?"

"ఈ నమూనా ఎవరు నేర్పారని అడుగుతున్నారు," అంది సెమిహా. ఆవిడ అడిగింది అది కాదు. అమ్మ ఉందా అని అడిగింది. పాండెలికి నిజంగా ఫ్రెంచి వస్తే అక్కడితో అంతా ముగిసినట్టే. నెవ్రూజ్ మాత్రం కూతురి మాట వినలేదు. ఎదుటి మనిషి పెదాలనే చూశాడు. ఫ్రెంచి రాకపోయినా ఆ ప్రశ్న ఆయనకు అందింది.

"మా అమ్మ దగ్గర చూసి నేర్చుకున్నా. నేతలో వేసేది ఈ తీగ. అరవై ఒకటిలో పోయింది, ఆప్రికాట్లు పూసే రోజుల్లో. బాధ పడలేదు, నిద్రలోనే. ఆఖరి దాకా అందరినీ పేరు పేరునా తలుచుకుంది. అందరినీ, అని చెప్పు."

సెమిహా చెప్పింది. ఆవిడ తల అడ్డంగా, మనలా, నెమ్మదిగా ఊపింది. సెమిహా వెంటనే ఆమెకూ పాండెలికీ నడుమకు జరిగి, బల్ల మీదున్న గరిటె ఒకటి తీసి అక్కర్లేకుండా ఆమె చేతిలో పెట్టింది.

అప్పుడు పాండెలికి ఉత్సాహం వచ్చింది. నెవ్రూజ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"కామ్రేడ్ సెమిహా, అసలు సంగతి చెప్పవేం? ఈ కార్మికుడు నీ తండ్రని చెప్పు. చెక్క పనివాడి కూతురు వాళ్ల భాష వాళ్లకే వప్పజెబుతోందని తెలియొద్దూ? వాళ్ల దేశంలో జరుగుతుందా ఇది? చెప్పు, సిగ్గెందుకు!"

నెవ్రూజ్ చేతులు బల్ల మీద నిశ్చలంగా ఉన్నాయి. సెమిహా మేనత్త వైపు తిరిగింది. అయిదు రోజులుగా నాలుక కింద దాచిన మాట, పాండెలి ఆజ్ఞ మీద, ఫ్రెంచిలో, అందరూ వినేలా చెప్పింది.

"మదాం, నేను ఈయన కూతుర్ని."

ఆవిడ కళ్లు సెమిహా నుదుటి మీద, కనుబొమల మీద ఆగిపోయాయి. తర్వాత గరిటెను చంకలో పెట్టుకుని, బెల్జియం వాళ్లు ప్రతి చోటా చేసినట్టే, చెయ్యి చాచింది. ముందు తమ్ముడికి. కరచాలనం కాస్త పొడుగైంది. పొట్టు అంటిన ఆ చేతిని వదిలి సెమిహా చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్నగారికి గర్వంగా ఉండి ఉంటుంది," అంది.

"ఏమంటోంది?" అన్నాడు పాండెలి.

"మన దేశంలో చదువులు బాగున్నాయంటున్నారు."

"రాసుకుంటా," అన్నాడు పాండెలి సంతోషంగా.

తిరుగు ప్రయాణంలో మదాం రెన్సన్ సెమిహాతో ఒక్క మాటా కలపలేదు. ఆఖరి సీటులో కళ్లు మూసుకుని కూర్చుంది. సరిహద్దు దగ్గర అందరూ గోలగోలగా వీడ్కోలు చెబుతున్నప్పుడు మాత్రం, "చూడవలసింది చూశాను, మదమాజెల్. సెలవు," అని బస్సు దిగి, వెనక్కి చూడకుండా అవతలి గేటు వైపు నడిచింది. సెమిహా లెక్కపెట్టింది. ఇరవై రెండు.

"ఆ స్కార్ఫు ఆవిడ," అన్నాడు పాండెలి, ఖాళీ బస్సులో సిగరెట్టు వెలిగించి, "ఒక్క గరిటెకి ఎన్ని ప్రశ్నలు వేసింది!"

"బెల్జియం వాళ్లు పిసినారులు కామ్రేడ్. చెక్క వంశం తెలిస్తే గాని సంచీ విప్పరు."

లాజి పకపకా నవ్వాడు. పాండెలి కూడా నవ్వాడు, ఒక్క లిప్త ఆలస్యంగా. ఆ లిప్త గురించి సెమిహా ఆ చలికాలమంతా ఆలోచించింది. తలుపు చప్పుడైతే లేచి నిలబడేది. బళ్లో ప్రిన్సిపాల్ పిలిపిస్తే మెట్ల మధ్యలో ఆగి జవాబులు కూర్చుకునేది. ఏదీ జరగలేదు. ఏదీ జరగకపోవడం ఇంకా కష్టంగా ఉండేది.

మార్చిలో కాగితం వచ్చింది. ఈ ఏడాది నుంచి గైడు పని లేదు. పెర్మెట్ పైన కొండ ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో టీచరుగా బదిలీ. కారణం రాయలేదు. కప్ప కథ వల్లో, వదిలేసిన పాత ఇంటి వల్లో, ఎవరో తీసిన బంకరు ఫొటో వల్లో, లేక ఊరికే తన వంతు వచ్చిందో. అడగడానికి ఎవరూ లేరు. భర్త కర్మాగారం వదిలి రాలేకపోయాడు, నెలకోసారి వచ్చి పోతానన్నాడు. మీరాను తీసుకుని ఆమె ఒక్కతే వెళ్లింది.

కొత్త ఊరి నుంచి జిరోకాస్తర్‌కు బస్సులో మూడు గంటలు. మే నెలలో ఒక ఆదివారం తండ్రి దగ్గరికి వచ్చింది. మీరా వాకిట్లో మెట్ల మీద ఆడుకుంటోంది. నెవ్రూజ్ కాఫీ కాచి, రేడియో పెట్టి, దాని గొంతు బాగా పెంచాడు. ట్రాక్టర్ల వార్తలు గదంతా నిండిపోయాయి. అప్పుడు కుర్చీ కూతురి పక్కకు లాక్కున్నాడు.

"నావల్లే కదే నీకీ తిప్పలు."

"తెలీదు నాన్నా. నిజంగా తెలీదు."

"అక్క నర్సు చదువుకని నలభై మూడులో బారి వెళ్లింది. మధ్యలో సముద్రానికి తలుపులు పడ్డాయి. నలభై ఆరులో కాగితాలు నింపమన్నప్పుడు, బయట అక్క ఉందని రాస్తే మన గతేంటి? నలభై నాలుగులోనే వ్లోరా తిరిగొచ్చి జ్వరంతో పోయిందని, కబురు ఇప్పుడే అందిందని రాశా. రాస్తే సరిపోదుగా, ఊరు నమ్మాలి. మూడు రోజులు పరామర్శకి తలుపు తీసి పెట్టాం. చావింట్లో పోసే చక్కెర లేని కాఫీ పోశాం. మీ నానమ్మ నల్లబట్ట కట్టుకుని కూర్చుంది. బతికున్న కూతురికి ఏడవమంటే ఎలా ఏడవనురా అంది ముందు. మూడు రోజులూ నిజంగానే ఏడ్చింది."

సెమిహా లేచి కిటికీ దాకా వెళ్లింది. వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది.

"నాకు కూడా చెప్పలేదు నువ్వు."

"తెలిస్తే నువ్వూ దాయాలి. తెలీకపోతే నీకు నిద్ర పడుతుంది. ఆ రోజు బల్ల దగ్గర నీ మొహం చూసి అనుకున్నా, అయ్యో, దీని నిద్ర పోయిందని."

"ఆమె అని ఎప్పుడు తెలిసింది నీకు?"

"నువ్వు తెలిపినప్పుడే. చెక్క పెట్టె గురించి నీ గొంతు ఎందుకు వణకాలి?"

గుమ్మంలో అలికిడయింది. ఇద్దరూ ఉలిక్కిపడి నోళ్లు మూశారు. మీరా మోకాలి మీద గీత చూపించడానికి వచ్చింది.

"ఎవరికి ఏడ్చింది తాతయ్యా? ఎవరు?"

నెవ్రూజ్ కూతురి వైపు చూశాడు. సెమిహా పాప మోకాలు తుడిచింది, చాలా జాగ్రత్తగా, తుడవాల్సినదాని కంటే ఎక్కువసేపు.

"మా మేనత్త ఒకావిడ. నువ్వు పుట్టకముందే పోయింది. వెళ్లి చేతులు కడుక్కో, బస్సు టైమవుతోంది."

ఆ వేళ నెవ్రూజ్ చొక్కా మార్చుకుని వాళ్లతో పాటు బస్సు దాకా కొండ దిగాడు. మోకాళ్ల నొప్పులని ఎన్నడూ దిగని మనిషి. పాప ముందు గెంతుకుంటూ పోతోంది. బస్సు ఇంకా రాలేదు. ఆయన అరచేతులు రుద్దుకుంటూ లోయ వైపు చూశాడు.

"ఆ బెల్జియం అనేదానికి సముద్రం ఉందా?"

"ఉంది నాన్నా. బాగా చల్లగా ఉంటుందట."

"పర్లేదు," అన్నాడు ఆయన. "అక్క చలికాలంలో కూడా నదిలో దూకేది. నన్నే భయపెట్టేది గట్టు మీద నిలబెట్టి."

బస్సు మలుపు తిరిగింది. మీరా చెయ్యి పట్టుకుని సెమిహా ఎక్కింది. వెనక రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. పాపను కూర్చోబెట్టి తను మాత్రం కమ్మీ పట్టుకుని, రోడ్డు పక్క నిలబడ్డ తండ్రి కనుమరుగయ్యేదాకా చూసింది. కనుమరుగయ్యాక కూడా చాలాసేపు కూర్చోలేదు.